మా టాంగాల ఇటలీకి పోయిన దినం

జర ఇటు దగ్గరికి జరుగుండ్రి. గోడకు ఒరిగి, కాళ్లు చాపుకొని కూసోండ్రి, తప్పేం లేదు. నేను చెప్పేది పెద్ద కత కాదు, ఒక్క దినం ముచ్చట. కానీ ఆ దినాన్ని మొదటికెల్లి కడ దాక ఇన్నేండ్లల్ల ఎవ్వరికీ చెప్పలేదు. సగం చెప్పి లేచి పోతుంటి. ఇయ్యాల చెప్పేస్త. నడిమిట్ల లేవకుండ్రి.

మొన్న మా పక్కింటి కోడలు ఇటలీ చూసొచ్చింది. ఫోన్ల వీడియో పెట్టి నా ముందట పట్టింది. ఒక పిల్ల గొడుగు పైకెత్తి పట్టుకొని ముందు నడుస్తున్నది, ఆ గొడుగు ఎనుక ముప్పై మంది గొర్లమంద లెక్క పోతున్నరు. పొద్దుగాల, కూలిపోయిన పాత ఊరు చూపెట్టిన్రట, పగటీలి అక్కడి తిండి తినిపిచ్చిన్రట, ఆటెంక సముద్రం ఒడ్డుకు తోల్కపోయిన్రట. "ఒక్క దినంలనే అన్ని తిప్పిన్రు పెద్దమ్మా" అన్నది. నేను చూసుకుంట చూసుకుంట "ఈ ఊరు నాకు ఎరుకే బిడ్డా" అన్న. ఆమె నవ్వింది. "నువ్వెప్పుడు పోయినవ్?" అన్నది. చిన్నప్పుడు, మా నాయిన టాంగాల పోయిన అని చెప్పిన. ముసల్దానికి మతి తప్పిందనుకున్నదో ఏమో, ఫోన్ తీస్కొని మెల్లగ లేచి పోయింది.

జహీరాబాదుల మా ఇల్లు టేషన్ ఎనుక గల్లీల ఉండె. రెండు అర్రలు, ముందట రేకుల పందిరి, దాని కింద గుర్రం. మేం పండుకున్నకాడికి గుర్రం వాసన, నానవెట్టిన ఉలవల వాసన, రైలు బొగ్గుల పొగ, మూడూ కలిసి వస్తుండె. ఇప్పటికీ ఎక్కడన్న ఉలవలు ఉడుకుతుంటే మా నాయిన పిలిచినట్టే అయితది. నాయిన పేరు రాచప్ప. బీదరు బండి వచ్చే యాల్లకు టాంగ కట్టుకొని టేషన్ ముందట నిలవడుతుండె. మాట తక్కువ మనిషి, గుర్రంతోని ఒక్కదానితోనే మాట్లాడుతుండె. మాట్లాడుడంత మా నాయినమ్మదే. ఆమెది బీదరు దిక్కు. సగం కన్నడం, సగం తెలుగు, తిట్టేటప్పుడు నిండుగ ఉర్దూ. పొద్దుగాల లేస్తనే సూర్యునికి మొక్కి, గుర్రానికి మొక్కి, ఆటెంక మా అమ్మను తిట్టుడు మొదలు పెడుతుండె. ఆమెకు రెండు పట్టింపులు. పరాయి ఇంట్ల వండింది ముట్టదు. రాహుకాలంల ఊరి పొలిమేర దాటదు, ఎవ్వర్ని దాటనియ్యదు. పెండ్లికి పోయినా సరే, చావుకు పోయినా సరే, టాంగను హద్దురాయి కాడ నిలవెట్టాల్సిందే. "అమ్మా, ఎక్కినోళ్లు దిగి పోతరే" అని మా నాయిన మొత్తుకుంటే, "ఎక్కెటోడు పోతే ఇంకొకడు ఎక్కుతడు. ఇంట్ల మనిషి పోతే ఎవర్ని ఎక్కిచ్చుకుంటవ్?" అంటుండె.

ఆ ఏడు రంజాన్ చలికాలంల పడ్డది. గప్పుడే మా చెల్లె నాగుకు జెరం వచ్చింది. దానికి ఆరేండ్లు, నాకు పదకొండు. మా దిక్కు మోతిజెరం అంటరు, ఇప్పటోళ్లు టైఫాయిడ్ అంటరు. జెరం వస్తనే నాయినమ్మ నోరు కట్టించింది. లంకణమే మందు అన్నది. దానికి కారణం ఉండె. మా నాయినకు ముందు ఆమెకు ఒక కొడుకు. వానికి తొమ్మిదేండ్లప్పుడు గీ జెరమే వచ్చిందట. తగ్గిందనుకున్న దినం, జొన్నరొట్టె కావాల్నని కొంగు పట్టుకొని ఏడిస్తే, మనసాగక సగం రొట్టె పెట్టింది. తెల్లారేసరికి కడుపుబ్బి పోయిండు. సగం రొట్టె. ఆమె ఆ మాట చెప్పినప్పుడల్ల అరచెయ్యి సగానికి మడిచి చూపెడుతుండె.

మొదట మొదట నాగు రొట్టె కోసం ఏడిచింది. నాయినమ్మ చెవులు మూసుకొని గుర్రం కాడ కూసుంటుండె. పెంక మీద రొట్టె వాసన దానికి తగుల్తదని మా అమ్మ చంకల మా చంటి తమ్ముణ్ణి ఏసుకొని, పిండి గిన్నె పట్టుకొని పక్కింటికి పోయి రొట్టెలు చేసుకొస్తుండె. మేం దొంగల లెక్క పందిరి కింద నిలవడి తింటుంటిమి. పది దినాలకు నాగు ఏడుపు మానింది. ఆ ఏడుపు ఆగినప్పుడు మాకు పానం కుదుట పడ్డది, గంత తెలివితక్కువోళ్లం. ఎందుకంటే జెరం దిగినంక గంజి తేట పోద్దామని గిన్నె పట్టుకుంటే, అది పండ్లు బిగబట్టుకొని మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. ఆకలే మర్చిపోయింది. కాళ్లు చేతులు జొన్నకర్రల లెక్క అయినయి. ఎత్తుకుంటే నా చేతిల బరువు ఉండకపోతుండె.

మందుగోలీలు ఇచ్చింది సిస్టరమ్మ. ఊరి అవతల చిన్న దవాఖాన పెట్టుకొని ఉన్న ఇటలీ దేశపు సన్యాసిని. తెల్లబట్టలు, నల్ల గొడుగు. మా గల్లీల ఆడోళ్ల కాడనే తెలుగు నేర్చుకున్నది, అందుకే మా లెక్కనే మాట్లాడుతుండె. ఆ దినం మాపటీలి వచ్చి నాగు చెయ్యి పట్టి చూసింది.

"జెరం పోయి నాలుగు దినాలైంది. ఇగ దీన్ని ఆకలి చంపుతది" అన్నది.

"ఆకలి ఎవ్వర్ని చంపలే. తిండి చంపింది. నేను కండ్లార చూసిన" అన్నది నాయినమ్మ.

"నువ్వు చూసింది నిజమే అమ్మా. నేను చూస్తున్నది సుత నిజమే."

సిస్టరమ్మ మంచం పట్టె మీద కూసోని, నాగు చెవిల అన్నది. "నాగూ, రేపు మా ఊరికి వస్తవా?"

ఎన్నో దినాలకు నాగు మొఖం ఇటు తిప్పింది. "రైల్లనా?"

"రైలెందుకు, మీ నాయిన టాంగాలనే. మా ఊరు సముద్రం మీదికి ఒరిగిన కొండకు పిట్టగూళ్ల లెక్క అంటుకొని ఉంటది. మా నాయిన చేపలు పట్టెటోడు. నేను నీ అంత ఉన్నప్పుడు దేశదేశాల జనం మా ఊరు చూడనీకి వస్తుండె. నేను గొడుగు పైకి పట్టుకొని ముందు నడిచి వాళ్లకు అన్ని చూపెడుతుంటి. రేపు నీకు చూపెడ్త. పొద్దుగాల పాత ఊరు, ఆటెంక మా తిండి, ఆఖరుకు సముద్రం. మా ఊర్ల సముద్రం ముందట కూసోనే తింటరు."

నాగు పెదవులు కదిలినయి. ఏం అన్నదో వినరాలే, గని కండ్లు మూసుకోలే.

గడప కాడ సిస్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "చిరాగ్‌పల్లి దిక్కు ఒక అవిసె చేను చూసిన, పొద్దుగాల బస్సుల పోయేటప్పుడు. నిండ నీలి పువ్వు. అచ్చం మా సముద్రమే. అదే చూపెడ్త. గని ఎవ్వరికీ చెప్పకు. చూడంగనే నోరు తెరవాలె అది" అని నా పెదవుల మీద ఏలు పెట్టింది. నేను తలూపిన. ఆ తలూపుడు నాకు ఇప్పటి దాక గుర్తే.

తెల్లారి శుక్రారం. మా అమ్మ నాగును గొంగట్ల చుట్టి నా ఒళ్లె పెట్టింది, చంటోనితోని తాను ఇంటికాడనే ఉన్నది. నాయిన గుర్రం నుదుటికి కుంకుమ పెట్టిండు. సిస్టరమ్మ ఎక్కి కూసున్నదో లేదో, నాయినమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఎదురంగ ఎక్కి కూసున్నది.

"అమ్మా, నువ్వెక్కడికే?" అన్నడు నాయిన.

"ఇటలీకి. నేనుండంగ దీని నోట్ల ఒక్క మెతుకు పడనియ్య."

బజార్ల ఒకాయన ఆపి అడిగిండు, "ఏం రాచప్పా, సవారి ఎటు?" నాయిన గంభీరంగ "ఇటలీకి" అన్నడు. "ఎన్నొద్దులకు మర్లుతరు?" "మాపటికి." "అయితే వచ్చేటప్పుడు కోహీరు జామపండ్లు పట్కరా" అన్నడాయన. నాయినమ్మ సుత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ దినం మేం నవ్వింది గంతే.

కూలిన దొర గడి గోడల కాడ సిస్టరమ్మ టాంగ ఆపిచ్చి దిగింది. గొడుగు పైకి పట్టి, ఎనుకకు నడుసుకుంట చెప్పుడు మొదలు పెట్టింది. గొంతే మారిపోయింది, చిన్నపిల్ల గొంతైంది. "అందరు ఇటు చూడుండ్రి! ఇది పాత ఊరు. ఆ కనపడేది పొగల కొండ. ఒక దినం అది పగిలి బూడిద వాన కురిసింది. ఊరు ఊరంత మునిగింది. ఇదో బజారు, ఇదో స్నానాల ఇల్లు, ఇది రొట్టెల భట్టి. భట్టిల పెట్టిన రొట్టెలు పెట్టినట్టే ఉన్నయి, ఇయ్యాల్టికీ."

నాగు నా ఒళ్లె కదిలింది. "రొట్టెలు ఎవ్వరు తినలేదా?"

"ఎవ్వరు తినలే. నల్లగ రాయి లెక్క అయినయి."

"పాపం" అన్నది నాగు. రొట్టెలను అన్నదో, మనుషులను అన్నదో.

"రొట్టెల మాట ఎత్తకు" అన్నది నాయినమ్మ, గని గొంతుల బలం లేకుండె.

అటెన్క ఖాజాబీ ఇంటికి పోయినం. ఖాజాబీ మా నాయిన దోస్తు పెండ్లాం. పండుగకని వాకిట్ల దండేల మీద సేమియాలు ఆరేసి ఉన్నయి, ఎండల తెల్లగ మెరుసుకుంట. సిస్టరమ్మ చప్పట్లు కొట్టింది. "అచ్చం మా ఊరే! మా దిక్కు సుత గల్లీల కట్టెల మీద గిట్లనే ఆరేస్తరు. మీరు పీర్లు ఎత్తుకున్నట్టే మేం సుత మా దేవుణ్ణి భుజాల మీద ఎత్తుకొని, బాజాలతోని సముద్రం కాడికి తోల్కపోతం." సిస్టరమ్మ ముందే చెప్పి పెట్టిందేమో, ఖాజాబీ టమాటలు మెత్తగ ఉడికిచ్చి, గింజలు వడగట్టి, ఆ రసంల సేమియాలు ఏసి రెండు ఎల్లిపాయలు నలిపింది. ఆ వాసనకు నా కడుపుల పేగులు అరిసినయి. ఆమె రోజా ఉన్నది, నోట్ల ఉమ్మి సుత మింగది. "నువ్వు ఉప్పు చూడు బేటీ" అని నా అరచేతిల చుక్క ఏసింది. గిన్నెకు గుడ్డ కట్టి ఇచ్చుకుంట నాయినమ్మ దిక్కు చూసి, "జర తిననియ్యి పెద్దమ్మా, అల్లా ఉన్నడు" అన్నది. నాయినమ్మ గిన్నెకు తగలకుండ చీర సర్దుకొని కూసున్నది.

ఊరి పొలిమేర కాడికి వచ్చేసరికి పది దాటింది. హద్దురాయి కనపడంగనే నాయినమ్మ "ఆపు" అన్నది.

నాయిన కల్లెం పట్టుకొని ఎనుకకు చూడకుండనే అన్నడు. "అమ్మా, ఈ ఒక్క దినం."

"ఈ ఒక్క దినమే ఆపమంటున్న. శుక్రారం, రాహుకాలం మొదలైతుంది. చావు నోట్లకెల్లి వచ్చిన పిల్లతోని పొలిమేర దాటుతవా? జుమ్మా నమాజుకు జనం పోయే దాక ఇక్కడనే."

నాయిన సిస్టరమ్మ దిక్కు చూసిండు. ఆమె ఏమన్న కొట్లాడ్తదేమో అనుకున్న. ఆమె నాయినమ్మ చేతులు చూసింది. ఆ చేతులు నాగు గొంగడి అంచును గట్టిగ పట్టుకొని ఉన్నయి. మెత్తగ అన్నది, "కానియ్యి రాచప్పా. సముద్రం ఎటు పోతది? ఆగుదం."

ఆగినం. గుర్రం చెవులు ఆడిచ్చుకుంట నిలవడ్డది. ఎండ ఎక్కింది. నాగు రెండు మూడు సార్లు "వచ్చిందా సముద్రం?" అని అడిగి, ఆటెంక అడుగుడు మానింది. నా నాలుక మీద అవిసె చేను మాట ఆడుతున్నది. చెప్తే ఏమైతుండెనో. సిస్టరమ్మ నన్ను చూసి నవ్వి, పెదవుల మీద ఏలు పెట్టుకున్నది. నేను నోరు మూసుకున్న. టేషన్ గల్లీల పుట్టిన పిల్లను, నాకు రైళ్ల యాల్లలు ఎరుక గని పువ్వుల యాల్లలు ఏమెరుక. ఆమెకు సుత ఎరుక లేదు.

జనం నమాజుకు పోతుంటే చూసి నాయినమ్మ "ఇగ నడు" అన్నది. నాయిన గుర్రాన్ని ఉరికిచ్చిండు. చేను కాడికి రాంగనే సిస్టరమ్మ ఆగక ముందే దుంకి, గొడుగు పైకెత్తి, "నాగూ, చూడు..." అన్నది. అని అట్లనే నిలవడ్డది.

నీలి లేదు. పచ్చగ, సన్నగ మొక్కలు, మీద చిన్న చిన్న కాయలు. పువ్వంత రాలి నేల మీద పడి ముడుసుకపోతున్నది. అవిసె పువ్వు పొద్దుగాల విచ్చుకొని పగటికి రాలుతది. నాగు కండ్లు తెరిచి చూసింది. "సముద్రం ఏది?" అన్నది. అది మల్ల మొఖం నా రొమ్ముల దాసుకొని పండ్లు బిగబట్టింది. ఇంటికాడ గోడ దిక్కు తిరిగినట్టే. సిస్టరమ్మ చేతిలకెల్లి గొడుగు జారింది. గట్టు మీద కూలబడి, రెండు చేతులల్ల మొఖం పెట్టుకున్నది. నాయిన గుర్రం మెడ మీద తల ఆనిచ్చిండు, ఆయన ఈపు కదులుడు చూసి ఏడుస్తున్నడని తెలిసింది. నేను నోరు తెరిచి ఉంటే గిట్ల కాకపోతుండెనేమో అనుకుంట నాగును ఇంకింత దగ్గరికి పట్టుకున్న. దీన్ని బతికిచ్చేది ఇగ ఏదీ లేదనిపిచ్చింది.

నాయినమ్మ దిగింది. చేను దిక్కు చూసింది, సిస్టరమ్మ దిక్కు చూసింది, అంత తెలిసిపోయింది ఆమెకు. "అయ్యో పిచ్చిదానా" అన్నది. "అవిసె పువ్వు చూపెడ్దామనుకున్నవా? నాకొక్క మాట చెప్పకపోతివి. నేను అవిసె చేన్లనే పుట్టి పెరిగిన. చెప్తే తెల్లారకముందే తోల్కొస్తుంటి గద." ఆ మాట అనుకుంటనే వంగి, రాలిన పువ్వురేకులు కొంగుల పట్టి తెచ్చి నాగు గొంగడి మీద పోసింది.

"నాగూ, గిటు చూడు బిడ్డా. సముద్రం ఎటు పోలే. పొద్దెక్కితే పండుకుంటది. గివి దాని మీది నీళ్ల చుక్కలు. తెల్లారి మల్ల లేస్తది."

"అబద్దం" అన్నది నాగు.

"నేను నీకు ఎన్నడన్న అబద్దం చెప్పిన్నా? ఇయ్యనిది ఇయ్య అని చెప్పిన, గని ఇస్తనని ఎగ్గొట్టిన్నా? రేపు చూపెడ్త. గని నువ్వు తెల్లారకముందు లేవాలె, కూసోవాలె. కూసోనీకి నడుంల సత్తువ కావాలె గద."

అని చెయ్యి కడుక్కున్నది. పరాయి ఇంటి గిన్నె గుడ్డ తానే ఇప్పింది. సేమియాలు వేళ్లతోని మెత్తగ మెదిపింది. మొదటి ముద్ద సగం నాగు గదువ మీదనే పడ్డది. "ఆ అను తల్లీ. నా కోసం కాదు, రేపటి కోసం ఆ అను." నాగు ఆమె మొఖం దిక్కు చూసింది. ఆటెంక నోరు తెరిచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో ముద్దకు గుటక చప్పుడు మాకందరికి వినపడ్డది. అక్కడ ఆపి, నాయినమ్మ దాని కడుపు మీద అరచెయ్యి పెట్టి కూసున్నది. ఇంటికి మర్లుతున్నప్పుడు సుత తియ్యలే. కడుపు ఉబ్బుతదేమో అని ఆ చెయ్యి చూస్తున్నది, పెదవులు ఏదో మొక్కుతున్నయి. కడుపు ఉబ్బలేదు.

తెల్లారి చీకటితోనే పోయినం. యాల్ల మంచిదా, చెడ్డదా అని ఆమె అడగనే లేదు. పొద్దు పొడుస్తుంటే చేను మెల్లమెల్లగ కండ్లు తెరిచింది. ఇక్కడికెల్లి అక్కడి దాక నీలి. గాలి కొడితే అలలు. సిస్టరమ్మ గొడుగెత్తి, పడవలు ఎక్కడ నిలుస్తయో, వాళ్ల నాయిన వల ఎక్కడ ఆరేస్తడో చూపెట్టింది. నాగు నిటారుగ కూసోని చూసింది. "అక్కా, ఆకలైతుంది" అన్నది. ఆ మాట ఇనంగనే నలుగురం ఒక్కసారి ఏడిచినం. మా ఇంట్ల మల్ల పెంక మీద రొట్టె వాసన వచ్చింది.

తొమ్మిది దినాలు. తొమ్మిది దినాలు నాగు అడిగి తిన్నది, నాయినమ్మ తన చేత్తోనే పెట్టింది. పదో దినం జెరం మర్లబడ్డది. ఈ సారి గోలీలకు లొంగలే. నాలుగు దినాలల్లనే పోయింది. నేను ఇంతకంటె చెప్పలేను, అడగకుండ్రి.

నా మనుమరాలు ఇప్పుడు నర్సు. ఏండ్లకేండ్లు అడగనీకి భయపడి, మొన్న మొన్న అడిగిన. "తిండితోని కాదు అమ్మమ్మా, ఆ జెరం కొందరికి తనంతట తానే మర్లుతది" అన్నది. ఇప్పుడు సూది ఉన్నది, సీసాలు ఉన్నయి, చేతిల ఫోన్ ఉన్నది. ఏది ఎందుకైందో చెప్పేటోళ్లున్నరు. మాకు గప్పుడు చెప్పేటోళ్లు లేరు. తప్పు ఎవరి మీద వెయ్యాల్నో చూసేటోళ్లే ఉండిరి.

మూడో దినం సిస్టరమ్మ మా అమ్మను చూడనీకి వచ్చింది. మా వాకిలి నిండ జనం. మా మేనత్త, నాయిన అక్క, గడపకు అడ్డం నిలవడ్డది. "నీ తిండే తిన్నది, నీ సముద్రమే చూసింది నా మేనకోడలు. ఇంకేం చూపెట్టనీకొచ్చినవ్?" అన్నది. సిస్టరమ్మ తల వంచుకొని నిలవడ్డది. పోనీకి రాదు, రానీకి రాదు. నాయిన లేవబోయి లేవలేకపోయిండు.

రెండు దినాలకెల్లి ఒక్క మాట మాట్లాడని నాయినమ్మ గోడ పట్టుకొని లేచింది. తన బిడ్డను పక్కకు నూకి గడప మీద నిలవడి, కుడిచెయ్యి అందరి ముందట చాపింది. "ఎవర్ని అడుగుతున్నవే? పెట్టింది గీ చెయ్యి. ముద్ద చేసింది నేను, నోట్ల పెట్టింది నేను, ఇంకింత తినమని బతిమాలింది నేను. అడిగేటోళ్లు నన్ను అడుగుండ్రి." ఆమె సిస్టరమ్మ చెయ్యి పట్టి లోపలికి గుంజి, చాప మీద తన పక్కన కూసోవెట్టుకున్నది. "రెండు దినాలకెల్లి ఇది సుత ఏం తిననట్టున్నది. బువ్వ పెట్టు కోడలా. ఒక్క తల్లెలనే పెట్టు" అన్నది. ఏడుపులు ఆగని ఆ ఇంట్ల వాళ్లిద్దరు ఒక్క తల్లెల, ఒకరి ముద్ద ఆగితే ఇంకొకరు చేసి పెట్టుకుంట, తిన్నరు.

అదీ ముచ్చట. లేవుండ్రి, మీకు సుత పొద్దు పోతున్నది. మీ ఇంట్ల పొయ్యి ఎన్నడు సల్లారొద్దు. మీ పిల్లలు ఆకలి ఆకలని ఇల్లు ఎగిరిపోయేటట్టు ఒర్రాలె, మీరు తిట్టుకుంటనే పెట్టాలె, పెట్టిన చెయ్యి మీద ఎన్నడు ఎవ్వరు నింద ఎయ్యొద్దు. సల్లగ ఉండుండ్రి.